బెజవాడ ఎండల్లో రీఫ్ ట్యాంక్: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టాలని మోజు పుట్టినవాళ్ళు మొదట అడిగేది ఎంత సైజు తీసుకోవాలని, తర్వాత ఏ లైటు బాగుంటుందని, ఆ తర్వాత క్లౌన్ చేపల జంట ఎంతని. నీళ్ళు చల్లగా ఎలా ఉంచాలన్నది ఏప్రిల్ వచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు. షాపువాళ్ళు కూడా ఆ మాట ఎత్తరు, ఎత్తితే బేరం చెడుతుంది. విజయవాడలోనో గుంటూరులోనో ఉండేవాళ్ళు మాత్రం ఈ వరస మొత్తం తిరగేయాలి. మే నెలలో మీ ఇంట్లో నీళ్ళని 26 డిగ్రీల దగ్గర పట్టి ఉంచగలరా, కరెంటు నాలుగు గంటలు పోతే ఏం చేస్తారు, ఈ రెండూ తేలితే ట్యాంక్ సైజు దానంతటదే తేలుతుంది. కింద నేను ఇది తీసుకోండి, అది వద్దు అని చెప్పేవన్నీ ఈ లెక్క మీదే.

పగడాలకి కావాల్సింది నిలకడ. ఉష్ణోగ్రత 24 నుంచి 27 మధ్య, ఉప్పదనం 35 పీపీటీ (అంటే కిలో నీళ్ళలో 35 గ్రాములు), ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బొనేట్ల లెక్క) 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు), మెగ్నీషియం 1300కి అటూ ఇటూ. ఈ అంకెలు ఏ ఊళ్ళో అయినా ఇవే. మారేదల్లా వాటిని నిలబెట్టడానికి పడే ఖర్చూ, తిప్పలూ.

చల్లదనం: ఫ్యానా, చిల్లర్ మెషీనా, ఏసీ గదా

ఫ్యాను చౌక. నీటి మీద గాలి కొడితే కొంత ఆవిరవుతుంది, ఒక లీటరు ఆవిరైతే దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ వేడిని తనతో పట్టుకుపోతుంది. పది వాట్లు కూడా తినని బుల్లి ఫ్యాను ఇంత పని చేస్తుందంటే చవకబేరమే. నవంబరు నుంచి మార్చి సగం దాకా అయితే దానికి మించింది లేదు, నిజానికి అప్పుడు చాలా రోజులు అదీ అక్కర్లేదు. చిక్కంతా ఎండాకాలంలో వస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు, ఆ పైన మనకి కృష్ణ పక్కనే, సముద్రం కూడా మరీ దూరం కాదు కాబట్టి సాయంత్రమయ్యేసరికి ఉక్కపోత. కూలర్ వాడినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, గాలి అప్పటికే తడిగా ఉంటే ఆవిరి అవ్వదు, ఆవిరి అవ్వకపోతే చల్లబడదు. హాల్లో 36 ఉంటే ఫ్యాను పెట్టిన ట్యాంక్ మహా అయితే 31, 32 దగ్గర ఆగుతుంది. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు తమ లోపల ఉండే నాచుని బయటికి తోసేసి తెల్లబడిపోతాయి, దాన్నే బ్లీచింగ్ అంటారు. పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అంటే చేపలకీ కష్టమే.

ఇంకోటి, ఫ్యాను ఆవిరి చేసేది నీళ్ళనే, ఉప్పుని కాదు. 150 లీటర్ల ట్యాంక్‌లో ఒక్క రోజు ఐదు లీటర్లు తగ్గితే 35 ఉన్న ఉప్పదనం 36 దాటుతుంది. కాబట్టి ఫ్యాను కొంటే దాని పక్కన ఆటో టాప్‌ఆఫ్ కూడా కొన్నట్టే లెక్క వేసుకోండి: నీటి మట్టం తగ్గగానే ఉప్పు లేని మంచినీళ్ళు పోసే చిన్న సెన్సరు, చిన్న పంపు. చేత్తో పోస్తాం అనేవాళ్ళు పెళ్ళికి రెండు రోజులు ఊరెళ్ళిన వారమే దొరికిపోతారు.

చిల్లర్ అయితే టెన్షన్ లేదు. చిన్న ఫ్రిజ్‌లో ఉండే కంప్రెసర్ లాంటిదే ఉంటుంది, 26 అని పెడితే 26 దగ్గర ఆపుతుంది. ధర మాత్రం చాలాసార్లు ట్యాంకు, స్టాండు రెండూ కలిపినదాన్ని మించుతుంది. కొనేటప్పుడు పెట్టె మీద ‘300 లీటర్ల దాకా’ అని రాసి ఉందని నమ్మి తెచ్చుకోవద్దు, ఆ లెక్క గది ఎంత వేడిగా ఉందని వేశారో, నీళ్ళని ఎన్ని డిగ్రీలు దించుతుందని వేశారో అడగండి. మన హాల్లో 36 నుంచి 26కి దించాలి, అది పది డిగ్రీలు. మీ సైజుకి పదో వంతు హెచ్‌పీ చాలని రాసి ఉంటే దాని పైది తీసుకోవడమే మేలు. చిన్నది కొంటే అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, కరెంటూ ఎక్కువ తింటుంది, కంప్రెసరూ త్వరగా పోతుంది.

చిల్లర్ నీళ్ళలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. దాన్ని తీసుకెళ్ళి ట్యాంక్ కింద స్టాండు తలుపుల వెనక మూసిపెడితే తన వేడి తనే పీల్చుకుంటూ ఉడుకుతుంది. ఉత్తరం వైపో తూర్పు వైపో నీడ పడే బాల్కనీ ఉంటే గోడలోంచి రెండు గొట్టాలు తీసి దాన్ని బయట పెట్టేయండి, గొట్టాలకి ఏసీ పైపుకి చుట్టే నల్ల ఫోమ్ చుట్టించండి, వాన తగలకుండా పైన ఒక రేకు. పడమటి బాల్కనీ అయితే వద్దు, మధ్యాహ్నం మూడింటికి అక్కడ నిలబడి చూడండి, ఎందుకన్నానో తెలుస్తుంది.

ఇక ఏసీ గది. రోజంతా ఏసీ నడిచే గదైతే, అంటే ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్నవాళ్ళకి, క్లినిక్ ఉన్నవాళ్ళకి, చిల్లర్ లేకుండా ఫ్యానుతో గడిచిపోతుంది, ఏసీ గాల్లో తేమ తక్కువ కాబట్టి ఫ్యాను కూడా బాగా పనిచేస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఏసీ వేసే పడకగదిలో పెడితే మాత్రం లాభం లేదు. రాత్రి 27, మధ్యాహ్నం 32, మళ్ళీ రాత్రి 27, ఈ ఊగిసలాట పగడాలకి అస్సలు పడదు.

నా మాట ఏంటంటే, బడ్జెట్‌లో చిల్లర్ పట్టకపోతే ట్యాంక్ సైజు తగ్గించండి, అప్పటికీ పట్టకపోతే ఇంకో ఏడాది ఆగండి. ఫ్యానుతో నెట్టుకొచ్చేద్దాం అని మాత్రం మొదలుపెట్టద్దు.

కరెంటు పోతే

ముందు మామూలు ఖర్చు. మూడడుగుల ట్యాంక్‌కి మే నెలలో సుమారు లెక్క చూద్దాం: 180 వాట్ల చిల్లర్ రోజుకి 12 గంటలు తిరిగితే రెండు యూనిట్ల పైన, 100 వాట్ల లైటు ఎనిమిది గంటలకి 0.8, రిటర్న్ పంపు (కింది తొట్టెలోంచి నీళ్ళు పైకి పంపేది), వేవ్‌మేకర్లు (ట్యాంక్‌లో నీళ్ళు కదిలించేవి), స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది) అన్నీ కలిపి ఇంకో యూనిట్ నుంచి యూనిటున్నర. అంటే నెలకి 120, 130 యూనిట్లు. ఇది మీ ఇంటి వాడకానికి పైన కలిసి బిల్లుని పై స్లాబులోకి తోస్తుంది కాబట్టి ఆ స్లాబు రేటుతోనే గుణించుకోండి, కింది రేటుతో కాదు.

కరెంటు పోయినప్పుడు జనం వేడి గురించి కంగారు పడతారు గానీ ముందు ప్రాణం మీదికొచ్చేది ఆక్సిజన్. నీళ్ళు కదలకపోతే, చేపలు ఎక్కువుంటే, కొన్ని గంటల్లోనే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అందుకని చిల్లర్‌ని ఇన్వర్టర్ మీద వేయాలని చూడకండి, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. పది వాట్ల వేవ్‌మేకర్ ఒకటి, రిటర్న్ పంపు ఒకటి ఇన్వర్టర్ లైను మీదికి మార్పించండి, చాలు. 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఈ రెండే అయితే పూటంతా సుబ్బరంగా నడుస్తాయి. ఇక్కడ ఇంకో ఎంపిక ఉంది: పాత ఇళ్ళలో చాలావరకు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లే ఉంటాయి, ఫ్యాను వేస్తే గుయ్యిమని మోగేవి. వాటి మీద మామూలు ఏసీ కరెంటుతో నడిచే పంపులు మోతపెడుతూ వేడెక్కుతాయి. ఇన్వర్టర్ మార్చే ఆలోచన ఉంటే ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి, లేదా పంపులే డీసీవి కొనండి. డీసీ పంపు ఖరీదెక్కువ, కానీ స్పీడు తగ్గించుకోవచ్చు, చప్పుడు తక్కువ.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళూ పోలేదు, కరెంటూ రాలేదు. అలాంటిదానికి ఏ ఇన్వర్టరూ ఆగదు. సెల్ బ్యాటరీలతో నడిచే ఎయిర్ పంపు, చేపపిల్లల్ని ఊళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు వాడేది, ఒకటి కొని డ్రాయరులో పడేసుకోండి. ఆ లోతట్టు కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయితే నేనైతే రీఫ్ ట్యాంక్ జోలికే వెళ్ళను.

ట్యాంక్: డబ్బానా, చేయించినదా

అడుగుల్లో లెక్క ఇలా ఉంటుంది. ఒకటిన్నర అడుగుల క్యూబ్ అంటే దాదాపు 95 లీటర్లు. మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే 190. నాలుగు, రెండు, రెండు అయితే 450. నీళ్ళ బరువే 450 కిలోలు, ఆ పైన గ్లాసు, రాళ్ళు, స్టాండు కలిపి ఆరేడు వందలు తేలుతుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు దాన్ని హాలు మధ్యలో గోడలా పెట్టాలని చూడద్దు, కింద బీము వెళ్ళే గోడ వారగా పెట్టండి, పాత బిల్డింగ్ అయితే ముందు ఇంజనీరుకి చూపించండి.

ఆల్ ఇన్ వన్ డబ్బా ట్యాంకులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వెనక అరలోనే ఫిల్టరు, పంపు అన్నీ. సమస్య ఏంటంటే ఆ అరల్లో స్కిమ్మర్ కూడా వాళ్ళు చెప్పిన సైజుదే పట్టాలి, చిల్లర్ గొట్టాలు తీసుకురావడానికి చోటు వెతుక్కోవాలి, పగిలితే మళ్ళీ పెట్టె మొత్తం కొనుక్కోవాలి. చిన్న ట్యాంక్ సులువనుకునేవాళ్ళకి ఇంకో మాట: నీళ్ళు తక్కువుంటే తప్పు త్వరగా బయటపడుతుంది. యాభై లీటర్ల నానోలో ఒక చేప చచ్చి రాళ్ళ వెనక పడితే తెల్లారేసరికి అమ్మోనియా లేస్తుంది, రెండొందల లీటర్లలో అయితే మీకు కాస్త టైము దొరుకుతుంది.

నా ఓటు మూడడుగులదానికి, కింద స్టాండులో సంపు (ఫిల్టరు, పంపు ఉండే రెండో తొట్టె) పెట్టి, ఊళ్ళోనే చేయించుకోవడానికి. గ్లాసు 10 ఎంఎం వేయించండి. 8 సరిపోతుందని బేరమాడే చోట ఒప్పుకోకండి. వెనక మూలలో ఓవర్‌ఫ్లో అర, దానికి రంధ్రాలు కొట్టడం ముందే చెప్పాలి. మంచినీళ్ళ ట్యాంకులు మాత్రమే చేసే మేస్త్రీకి సంపు అంటే ఏంటో బొమ్మ గీసి ఇవ్వాల్సి వస్తుంది: మొదటి అరలోకి నీళ్ళు దిగుతాయి, అక్కడ ఫిల్టర్ సాక్ (మురికి పట్టే బట్ట సంచి), రెండో అరలో స్కిమ్మర్, మూడో అరలో రిటర్న్ పంపు. ఒక్కటి మాత్రం చెక్ చేయండి. పంపు ఆపేస్తే పైనుంచి దిగే నీళ్ళన్నీ సంపులో పట్టాలి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ హాల్లో చెరువే. చేయించిన ట్యాంక్‌ని నీళ్ళు నింపి వారం రోజులు వరండాలో వదిలేయండి, సిలికాన్ అతుకుల దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉండండి.

స్విచ్చుబోర్డు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఉప్పునీరు వైరు వెంబడి పాకుతుంది. పంపు వైరు ట్యాంక్ అంచు మీదుగా దిగే చోట రెండు మూడు వారాల్లో తెల్లటి పొర కడుతుంది, గీకితే పొడిగా రాలుతుంది, అదే ప్లగ్గు దాకా వెళ్తే పచ్చగా చిలుము పడుతుంది. కాబట్టి బోర్డు ట్యాంక్ కంటే పక్కగా, పైకి ఉండాలి, వైరు కిందికి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకి వెళ్ళాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) లేని లైను మీద రీఫ్ ట్యాంక్ వద్దేవద్దు.

నీళ్ళు: సముద్రానివా, మనం కలుపుకునేవా

మంగినపూడి బీచ్ బెజవాడకి దగ్గర, సూర్యలంక గుంటూరుకి దగ్గర, మరి సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే పోలా అని అందరికీ వచ్చే ఆలోచనే. పైసా ఖర్చు లేని నీళ్ళు. కానీ ఒడ్డున దొరికేది పగడాల దిబ్బల మీద నీళ్ళు కాదు. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, వానాకాలంలో బంగాళాఖాతంలో ఒడ్డు నీళ్ళ ఉప్పదనం పడిపోతుంది, మంగినపూడి దగ్గర అయితే బురద కూడా. రొయ్యల హేచరీలు సముద్రపు నీళ్ళే వాడతాయి కదా అంటారు. నిజమే, కానీ తోడిన నీళ్ళని వాళ్ళు వడకట్టి, క్లోరిన్ వేసి శుద్ధి చేశాకే వాడతారు. మీరు క్యాన్లలో తెచ్చుకుని అదంతా మిద్దె మీద చేస్తారా? రెండొందల లీటర్లు అంటే పది క్యాన్లు, ఆ తర్వాత వారానికొక క్యాను. కారు డిక్కీ తుప్పు పట్టడం ఖాయం.

మార్కెట్లో దొరికే రీఫ్ సాల్ట్ కలుపుకోవడమే నయం. లీటరుకి సుమారు 37 గ్రాములు, అంటే రెండొందల లీటర్లకి ఏడున్నర కిలోలు, తర్వాత వారానికి పది శాతం మారిస్తే నెలకి మూడు కిలోలు. రెడ్ సీ, ఇన్‌స్టంట్ ఓషన్, ట్రాపిక్ మారిన్ ఏదైనా పర్వాలేదు, మెత్తటి పగడాలకి మామూలు రకం చాలు, ఆల్కలినిటీ ఎక్కువుండే ప్రో రకాలు అక్కర్లేదు. చినగంజాం కొఠార్ల కల్లుప్పు తెచ్చి కలిపితే కాదా అని ఒకాయన నన్ను సీరియస్‌గానే అడిగారు. కాదు. కొఠారులో ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం చాలావరకు మిగిలిన నీళ్ళతో పాటు వెళ్ళిపోతుంది, చేతికొచ్చేది దాదాపుగా సోడియం క్లోరైడే.

ఇక ఆ ఉప్పు కలిపే నీళ్ళు. బోరు నీళ్ళు వద్దు. కుళాయి నీళ్ళు నేరుగా వద్దు, క్లోరిన్ ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు ఒక్కో ప్లాంటుకి ఒక్కో రకం. వంటింటి ప్యూరిఫయర్‌లోవి అయితే రుచి కోసం ఆఖర్లో మళ్ళీ లవణాలు కలిపి వదిలే నీళ్ళు. రీఫ్‌కి కావాల్సింది టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) సున్నా. దీనికి అన్నిటికంటే తక్కువలో అయ్యే దారి, ఉన్న ఆర్ఓ మెషీన్‌లో మెంబ్రేన్ తర్వాత, ఆ మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందే, ఒక టీ జాయింటు వేయించి దానికి డీఐ రెసిన్ (మిగిలిన లవణాలు పట్టేసే గుళికలు) గొట్టం తగిలించడం. కుళాయి నీళ్ళు టీడీఎస్ 300 ఉండి మెంబ్రేన్ 95 శాతం ఆపితే 15 మిగులుతుంది, దాన్ని రెసిన్ సులువుగా సున్నాకి తెస్తుంది. అదే 1000 ఉన్న బోరు నీళ్ళయితే 50 మిగిలి రెసిన్ మూడు రెట్ల వేగంగా అయిపోతుంది. ఈ నీళ్ళని ప్లాస్టిక్ డ్రమ్ములోనే పట్టుకోండి. రాగి బిందెలో పొరపాటున కూడా వద్దు, రాగి నత్తలకీ రొయ్యలకీ పగడాలకీ విషం. చేపల జబ్బుకి వాడే రాగి మందుని రీఫ్ ట్యాంక్‌లో వేయకూడదనేది కూడా ఇందుకే.

కొలతల విషయంలో మనకో వెసులుబాటు ఉంది, చుట్టూ రొయ్యల చెరువులు. ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్ కైకలూరు, భీమవరం వైపు ఆక్వా షాపుల్లో దొరికేదే, దాని కోసం విదేశీ సైట్లు వెతకనక్కర్లేదు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ మాత్రం వద్దు, దాని ముల్లుకి గాలి బుడగ అంటుకుంటే చాలు రీడింగు మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రెండు చుక్కలు వేసి, బుడగలు లేకుండా మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి చూస్తే పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే గీత దగ్గరి అంకె చూసుకోవాలి. మంచినీళ్ళతో సున్నాకి సెట్ చేసి వదిలేయకండి, 35 పీపీటీ ద్రావణంతో చూసి మర తిప్పండి, మనకి కావాల్సింది ఆ చివర కదా.

ఆక్వా ల్యాబుల్లో చెరువు నీళ్ళలాగే మన నీళ్ళు కూడా పరీక్ష చేయించుకోవచ్చు, కిట్ల కంటే చౌక. కానీ రిపోర్టు చదవడం తెలియాలి. ఆల్కలినిటీ వాళ్ళు పీపీఎంలో ఇస్తారు, 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. కాల్షియంని కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఇస్తే 2.5తో భాగించాలి, అంటే 1050 అని కనిపించింది అసలు 420 అన్నమాట, కంగారు పడద్దు. మెగ్నీషియం అదే లెక్కలో ఉంటే 4.1తో. ఆల్కలినిటీ ఒక్కటి మాత్రం ఇంట్లో కిట్ పెట్టుకుని వారం వారం చూసుకోవాలి, సాలిఫర్ట్ చుక్కల కిట్ అయినా, హానా చెకర్ అయినా. రంగు మారిందా లేదా అని ఇంట్లో వాదించుకునే వాళ్ళకి హానా మేలు, అంకె చూపిస్తుంది.

రాళ్ళు, ఇసుక, పగడాలు: ఇక్కడ చట్టం కూడా ఉంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో 2001లో గట్టి పగడాలన్నిటినీ చేర్చారు. స్క్లెరాక్టీనియా జాతులన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, నీటిగుర్రాలు కూడా. అంటే షాపులో తొట్టెలో ఊగుతూ ముద్దొచ్చే టార్చ్, హ్యామర్, అక్రోపోరా, బ్రెయిన్ కోరల్ అన్నీ ఈ గట్టి పగడాల కుటుంబమే. మన సముద్రం నుంచి తీసినవి అమ్మడం, కొనడం నేరం. దిగుమతివి అని చెప్పినా గట్టి పగడాలు సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి, కాగితాలు ఉండాలి. కాగితాలు అడిగితే మాట మార్చే చోట నుంచి మెల్లగా బయటికి వచ్చేయడమే. లైవ్ రాక్ పేరుతో అమ్మే దిబ్బల రాళ్ళూ అంతే, వాటి మీద ఉండేది పగడమే.

కాబట్టి గట్టివా మెత్తవా అన్న పోలికలో నా తీర్పు ఏకపక్షమే. మెత్తటి పగడాలు, మష్రూమ్‌లు, జోయాంతిడ్లు, లెదర్ కోరల్, గ్జీనియా. వీటికి కాల్షియం డోసింగ్ పెద్దగా అక్కర్లేదు, వారం వారం నీళ్ళు మార్చడమే సరిపోతుంది, లైటు తక్కువైనా బతుకుతాయి, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. అందంలో తక్కువని ఎవరైనా అంటే బాగా పెరిగిన లెదర్ కోరల్ చూడలేదన్నమాట. అది అప్పుడప్పుడు ముడుచుకుపోయి, మీద మైనం పూసినట్టు పొర కట్టి, నాలుగైదు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. కొత్తవాళ్ళు చచ్చిపోయిందనుకుని తీసి పారేస్తారు. పంపు నీటి ధార కాస్త దాని వైపు తిప్పితే ఆ పొర ఒలిచినట్టు ఊడి, కింద నుంచి వేళ్ళన్నీ మళ్ళీ విచ్చుకుంటాయి.

గ్జీనియా గురించి ఒక హెచ్చరిక, అది పెరగడం మొదలుపెడితే ఆగదు, దానికి విడిగా ఒక రాయి ఇచ్చి మిగతావాటికి దూరంగా పెట్టండి. జోయాంతిడ్ల గురించి ఇంకా పెద్ద హెచ్చరిక. కొన్ని రకాల్లో, ముఖ్యంగా పాలితోవాల్లో, పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. వాటిని కోసేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి, చేతికి తెగిన గాయం ఉంటే ముట్టుకోవద్దు. అవి ఉన్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో ఉడకబెట్టడం లాంటి పని ఎప్పుడూ చేయకండి, ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో ఉన్నాయి.

రాళ్ళకి డ్రై రాక్ లేదా సిరామిక్ రాక్ తీసుకోండి. పురుగులు రావు, సిరామిక్‌కైతే చట్టం గొడవా లేదు, కాకపోతే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. సీసా బ్యాక్టీరియా వేసి, అమ్మోనియా 2 పీపీఎం దాకా చుక్కలు వేసి, అది ఒక్క రోజులో సున్నా అయ్యి, నైట్రైట్ కూడా సున్నా అయ్యాకే చేప. ఇసుక అయితే ఆరగొనైట్, అంటే సున్నపు జాతి ఇసుక. బీచ్ ఇసుక ఉచితమే కానీ మన తీరం ఇసుకలో ఎక్కువ క్వార్ట్జ్, మధ్యలో నల్లగా మెరిసేది ఇల్మెనైట్ లాంటి ఇనుము కలిసిన ఖనిజం. షాపువాడు ఇచ్చింది ఏదో అనుమానం వస్తే కాస్త ఇసుక మీద వెనిగర్ పోయండి, బుడగలు వస్తే సున్నపు జాతి, రాకపోతే మామూలు ఇసుక.

లైటు, స్కిమ్మర్

మెత్తటి పగడాలకి 50 నుంచి 150 పార్ (పగడాల్లోని నాచు వాడుకోగల వెలుతురు కొలత) చాలు, గట్టి అక్రోపోరాలకి 200 పైన కావాలి. మనం మెత్తవే అనుకున్నాం కాబట్టి నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకునే చైనా బ్లాక్ బాక్స్ ఎల్ఈడీ మూడడుగులకి ఒకటో రెండో సరిపోతాయి. ఏఐ ప్రైమ్, కెసిల్, రేడియన్ లాంటి ఖరీదైన లైట్లు బాగుంటాయి, కాదనను, కానీ ఆ తేడా డబ్బు చిల్లర్‌లో పెట్టండి. మెటల్ హాలైడ్ మన ఊరికి పనికిరాదు, పైనుంచి వేడి కుమ్మరిస్తుంది. టీ5 ట్యూబులు మార్చుకోవడానికి దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. ఏది కొన్నా మొదట 30, 40 శాతంతో మొదలుపెట్టి నెల రోజుల్లో పెంచండి.

స్కిమ్మర్ నురగతో మురికిని పైకి లాగి కప్పులో పోస్తుంది, టీ డికాక్షన్ రంగు నీళ్ళు, వాసన భరించలేం. వందలీటర్ల లోపు అయితే అక్కర్లేదు, వారానికి 15 శాతం నీళ్ళు మార్చండి. మూడడుగులకి మాత్రం పెట్టండి, మురికి కోసం కాకపోయినా గాలి కోసం. కరెంటు సరిగ్గా ఉన్న రోజుల్లో కూడా వేడి నీళ్ళకి ఆ గాలి పెద్ద సాయం.

చేపలు, ఎప్పుడు మొదలుపెట్టాలి

క్లౌన్ చేపలు పెంపకంలో పుట్టినవే అడగండి. మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) వాటిని ట్యాంకుల్లో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే పద్ధతి తయారుచేసింది, కాబట్టి సముద్రంలో పట్టినవే కొనాల్సిన పని లేదు. పెంపకంవి పొడి మేత తింటాయి, జబ్బులు తక్కువ. సముద్రంలో వాటికి ఇల్లయిన పువ్వులాంటి జీవి అనెమోన్ లేకపోయినా హాయిగా బతుకుతాయి, అనెమోన్ కావాలంటే ట్యాంక్‌కి ఆరు నెలలైనా నిండాలి. ఒక జంట క్లౌన్, ఒక ఫైర్‌ఫిష్, ఒక గోబీ, మూడడుగులకి ఇంతే. ఫైర్‌ఫిష్ గెంతుతుంది, పైన వల మూత కావాలి, గాజు మూత వద్దు, వేడి పట్టేస్తుంది. నీలం ట్యాంగ్ కావాలని పిల్లలు పట్టుబడతారు, దానికి ఆరడుగుల ట్యాంక్ కావాలని చెప్పండి. మాండరిన్ చేప ఎంత అందంగా ఉన్నా కొత్త ట్యాంక్‌లో తిండి లేక ఎండిపోతుంది, అది తినేది రాళ్ళ మీద పుట్టే చిన్న పురుగులని.

చెన్నైలో రంగుచేపల షాపులుండే కొళత్తూరు నుంచి చేపల్ని రాత్రి బస్సుకి వేయించుకునే వాళ్ళు చలికాలంలో వేయించుకోండి. మేలో అయితే బాక్సులో ఐస్ జెల్ పెట్టమని చెప్పినా, పెట్టారో లేదో పొద్దున సంచి ముట్టుకుంటేగానీ తెలియదు.

మొదలుపెట్టడానికి మంచి కాలం దసరా తర్వాత. అక్టోబరులో నీళ్ళు నింపితే దీపావళి దాటాక చేప, సంక్రాంతికి మొదటి మష్రూమ్‌లు, మార్చికి ట్యాంక్ ఒక దారిలో పడుతుంది, అప్పుడు ఎండలు వచ్చినా తట్టుకుంటుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 20 కిందికి దిగే రోజులుంటాయి కాబట్టి 100 వాట్ల హీటరు ఒకటి ఉంచుకోండి, చాలాసార్లు అది ఊరికే ఉంటుంది. మార్చిలో ట్యాంక్ కొని ఏప్రిల్‌లో పగడాలు వేసే ఆలోచన ఉంటే ఆ డబ్బుతో ముందు చిల్లర్ కొని, బాల్కనీలో గొట్టాలు వేయించి, వట్టి ఉప్పునీళ్ళతో రోహిణి దాటే దాకా నడిపి చూడండి. థర్మామీటరు మధ్యాహ్నం నాలుగింటికి ఎంత చూపిస్తుందో రాసుకుంటూ ఉంటే, జూన్‌లో పగడాలు వేయాలా, చిల్లర్ మార్చాలా అన్నది మీకే తెలుస్తుంది.